పిల్ల ప్రాసెస్ ముగిస్తే పెద్ద ప్రోగ్రాం ఎందుకు తడబడుతుంది? లిస్ప్, యూనిక్స్‌ల మధ్య ఒక పాత తగవు

ఒక సర్వర్‌లో ఒక ప్రోగ్రాం రాత్రింబవళ్లు నడుస్తోందనుకుందాం. వచ్చిన సమాచారాన్ని చదవడం, అవసరమైనప్పుడు వేరే చిన్న ప్రోగ్రాంని పిలిచి దానిచేత ఒక బొమ్మ గీయించుకోవడం, ఫలితాన్ని ఫైల్‌లో రాయడం దాని పని. వారాల తరబడి ఏ ఇబ్బందీ ఉండదు. ఒకరోజు ఉన్నట్టుండి 'చదవడం విఫలమైంది' అని చెప్పి ఆగిపోతుంది. డిస్క్ బాగానే ఉంది, నెట్‌వర్క్ బాగానే ఉంది, ఫైల్ ఉన్నచోటే ఉంది. మళ్లీ నడిపితే మామూలుగా నడుస్తుంది. లోపం ఎక్కడుందో వెతకబోతే అది కనిపించదు.

ఇలాంటి సందర్భాల్లో అసలు జరిగేది చాలాసార్లు ఒకటే. బొమ్మ గీయడానికి పంపిన చిన్న ప్రోగ్రాం తన పని ముగించుకుంది. ఆ కబురు పెద్ద ప్రోగ్రాంకి చేరింది. సరిగ్గా ఆ క్షణంలో పెద్ద ప్రోగ్రాం ఇంకేదో చదవడానికి ఎదురుచూస్తూ ఉంది. కబురు వచ్చి ఆ ఎదురుచూపును మధ్యలో తెంచేసింది. ఏ భాగమూ చెడిపోలేదు, అయినా పని ఆగిపోయింది.

ఈ చిన్న చిక్కు వెనుక అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది. కంప్యూటర్ శాస్త్రంలో ప్రసిద్ధమైన ఒక వాదానికి ఇదే ఉదాహరణగా నిలిచింది. లిస్ప్ భాషలో ప్రోగ్రాంలు రాసేవారికి ఇది ఇప్పటికీ ఎదురవుతూనే ఉంది.

ఒకే పని చేసే యంత్రం నుంచి

కోల్‌కతా శివారు బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1950ల మధ్యలో బ్రిటన్ నుంచి హెచ్ఈసీ-2ఎం అనే కంప్యూటర్ వచ్చింది. మన దేశంలో నెలకొల్పిన తొలి డిజిటల్ కంప్యూటర్‌గా దాన్ని చెబుతారు. 1966లో అదే సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ఐఎస్ఐజేయూ-1 అనే కంప్యూటర్‌ను ఇక్కడే తయారుచేశాయి. ఆ తరం యంత్రాల దగ్గర పని జరిగే తీరు సాదాగా ఉండేది. ఒక లెక్క పెడితే అది పూర్తయ్యాకే ఇంకొకటి. నడుస్తున్న ప్రోగ్రాం దగ్గరికి వచ్చి 'నువ్వు పంపిన మరో ప్రోగ్రాం ముగిసింది' అని చెప్పే సందర్భమే ఉండేది కాదు.

ఒకే యంత్రాన్ని అనేకమంది, అనేక ప్రోగ్రాంలు ఏకకాలంలో పంచుకోవడం మొదలయ్యాక ఈ సమస్య పుట్టింది. ఇప్పుడు మన చేతిలోని ఫోన్‌లో కూడా ఒకేసారి వందల ప్రాసెస్‌లు నడుస్తుంటాయి. వాటి మధ్య కబుర్లు నడుస్తూనే ఉంటాయి.

సిస్టమ్ కాల్, సిగ్నల్, పిల్ల ప్రాసెస్

ముందు మూడు మాటలు తెలుసుకుందాం.

మొదటిది సిస్టమ్ కాల్. మామూలు ప్రోగ్రాం తనంతట తాను డిస్క్‌ను గానీ, నెట్‌వర్క్‌ను గానీ తాకలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో ఉండే కెర్నెల్‌ను అడగాలి. 'ఈ ఫైల్ నుంచి ఇన్ని బైట్లు చదివి ఇవ్వు' అని అడిగే పిలుపు పేరు రీడ్. 'ఇన్ని బైట్లు రాయి' అనేది రైట్. ఇలాంటి అభ్యర్థనలన్నీ సిస్టమ్ కాల్‌లే. కొన్ని వెంటనే ముగుస్తాయి. కీబోర్డు నుంచో, నెట్‌వర్క్ నుంచో రావలసిన సమాచారం కోసమైతే ఎంతసేపైనా వేచి ఉండాల్సి రావచ్చు.

రెండవది పిల్ల ప్రాసెస్. యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థల్లో (లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్‌లు ఈ కోవలోవే) ఒక ప్రాసెస్ ఫోర్క్ అనే కాల్‌తో తనలాంటి మరో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. పుట్టించినది తల్లి, పుట్టినది పిల్ల. పిల్ల తన పని ముగించి వెళ్లిపోయాక కూడా 'పని సఫలమా, విఫలమా' అనే చిన్న నమోదు కెర్నెల్ దగ్గర మిగిలి ఉంటుంది. తల్లి వెయిట్ అనే కాల్‌తో ఆ నమోదును తీసుకునే దాకా అది పోదు. అలా మిగిలిపోయిన దాన్నే జాంబీ అంటారు. జాంబీలు పేరుకుపోతే కొత్త ప్రాసెస్‌లు పుట్టడానికి చోటు లేకుండా పోయే ప్రమాదం ఉంది.

మూడవది సిగ్నల్. కెర్నెల్ ఒక ప్రాసెస్‌కు అందించే చిన్న హెచ్చరిక ఇది. పిల్ల ముగిసినప్పుడు తల్లికి వచ్చే సిగ్నల్ పేరు సిగ్‌చైల్డ్. ఈ సిగ్నల్ వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే చిన్న ఫంక్షన్‌ను తల్లి ముందుగానే రాసి పెట్టుకోవచ్చు. దాన్ని హ్యాండ్లర్ అంటారు. హ్యాండ్లర్ పెట్టకపోతే సిగ్‌చైల్డ్ వచ్చినా ఏమీ జరగదు, ఎవరి పనీ చెడదు. హ్యాండ్లర్ పెట్టినప్పుడే కథ మొదలవుతుంది.

రేషన్ దుకాణం దగ్గర ఫోన్ మోగితే

మీరు రేషన్ దుకాణం దగ్గర వరుసలో నిలబడ్డారనుకోండి. జేబులో ఫోన్ మోగింది. 'పిల్లాడు ట్యూషన్ నుంచి ఇంటికొచ్చేశాడు' అని కబురు. మాట్లాడడానికి పక్కకు వెళ్లారు. తిరిగి వచ్చాక మీ వరుస సంగతేమిటి?

దుకాణదారు మూడు రకాలుగా వ్యవహరించవచ్చు. ఒకటి, 'మీ పని అయ్యేదాకా ఫోన్ ఎత్తకండి' అనడం. కానీ బియ్యం లారీ ఇంకా రాలేదనుకోండి, ఎంతసేపు ఎత్తకుండా ఉంటారు? రెండు, మీరు అసలు కదలనట్టే మీ స్థానాన్ని కాపాడి, ఫోన్ అయ్యాక అక్కడినుంచే కొనసాగించడం. మూడు, 'మధ్యలో వెళ్లిపోయారు కాబట్టి మీ పని కాలేదు, కావాలంటే మళ్లీ వరుసలో నిలబడండి' అని చెప్పేయడం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు అడిగింది 25 కిలోలు. 10 కిలోలు కొలిచి సంచిలో పోసేసరికి ఫోన్ వచ్చింది. తిరిగొచ్చాక మళ్లీ మొదటినుంచి 25 అడిగితే మొత్తం 35 అవుతాయి. అడగకుండా వెళ్లిపోతే ఇంట్లో 15 కిలోలు తక్కువ. అందుకే అప్పటిదాకా ఎంత అందిందో లెక్క ఎవరో ఒకరు ఉంచాలి.

కెర్నెల్ ముందున్న ప్రశ్న సరిగ్గా ఇదే. రీడ్ కాల్ మధ్యలో సిగ్నల్ వస్తే హ్యాండ్లర్‌ను నడపాలి. హ్యాండ్లర్ ఉండేది ప్రోగ్రాంలో. రీడ్ ఆగి ఉన్నది కెర్నెల్‌లో. సగంలో ఉన్న రీడ్‌ను ఏం చేయాలి?

ఎంఐటీ దారి, న్యూజెర్సీ దారి

లిస్ప్ భాషను జాన్ మెకార్తీ 1958లో అమెరికాలోని ఎంఐటీలో రూపొందించారు. ఆ తరువాత ఆయన స్టాన్‌ఫర్డ్‌కు మారారు. అక్కడ ఆయన దగ్గర 1966లో డాక్టరేట్ పూర్తిచేసిన విద్యార్థి మన తెలుగువారే. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, అంటే రాజ్ రెడ్డి. కృత్రిమ మేధ రంగంలో చేసిన కృషికి ఆయన 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. దశాబ్దాల పాటు కృత్రిమ మేధ పరిశోధనకు లిస్ప్ ప్రధాన వాహనంగా ఉండేది.

ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో లిస్ప్ మనుషులు 1960ల చివర్లో తమకోసం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకున్నారు. దాని పేరు ఐటీఎస్. పైన చెప్పిన ప్రశ్నకు వారు ఇచ్చిన జవాబు రెండో దుకాణదారుది. సిస్టమ్ కాల్ మధ్యలో అంతరాయం వస్తే, బయటినుంచి చూసేవారికి ఆ కాల్ ఇంకా మొదలే కానట్టో, లేక పూర్తిగా ముగిసినట్టో కనిపించాలి. సగంలో ఉన్న స్థితి ఎవరికీ కనబడకూడదు. ఇందుకోసం 'తరువాత నడపాల్సిన ఆదేశం ఎక్కడుంది' అని చూపే ప్రోగ్రామ్ కౌంటర్‌ను వెనక్కి జరిపి, మళ్లీ సిస్టమ్ కాల్ ఆదేశం దగ్గరే నిలబెట్టేవారు. అప్పటికే కొంత పని జరిగి ఉంటే, మిగిలిన పనికి తగ్గట్టు కాల్ వివరాలనే సవరించి ఉంచేవారు. 10 కిలోలు పోశాక మీ చీటీలో 25ను కొట్టేసి 15 అని రాసిపెట్టినట్టన్నమాట. ఈ పద్ధతికి ప్రయోగశాల వారు పెట్టుకున్న ముద్దుపేరు పీసీ-లూజరింగ్. అలన్ బాడెన్ 1989లో దీని వివరాలను ఒక పత్రంగా రాశారు.

న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్ మూడో దుకాణదారు దారిని ఎంచుకుంది. అంతరాయం వస్తే రీడ్ విఫలమైనట్టు ఒక పొరపాటు సంకేతంతో తిరిగి వస్తుంది. ఆ సంకేతం పేరు ఈఐఎన్‌టీఆర్. మొదటి అక్షరం 'ఎర్రర్'కు, మిగతావి 'ఇంటరప్ట్'కు పొట్టిరూపం. 'నిజంగా ఏమీ చెడలేదు, మధ్యలో కబురొచ్చింది, కావాలంటే మళ్లీ అడుగు' అని దాని అర్థం. అడగాల్సిన బాధ్యత ప్రోగ్రాం రాసేవారిది.

ఈ తేడానే రిచర్డ్ గేబ్రియల్ అనే లిస్ప్ నిపుణుడు ఒక వ్యాసంలో కథగా చెప్పారు. లూసిడ్ అనే లిస్ప్ కంపెనీని స్థాపించినవారు ఆయన. 1990లో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో జరిగిన లిస్ప్ సమావేశంలో ఆ ప్రసంగం చేశారు, 1991లో అది అచ్చయింది. అందులో ఎంఐటీ మనిషి ఒకరు, యూనిక్స్ మనిషి ఒకరు కలుస్తారు. ఎంఐటీ మనిషి యూనిక్స్ సోర్స్ కోడ్ చదివి, ఈ అంతరాయాల సమస్యను పరిష్కరించే భాగం ఎక్కడా కనబడలేదేమని అడుగుతాడు. పరిష్కారం ప్రోగ్రాం రాసేవారికే వదిలేశామని రెండోవాడు చెబుతాడు. మొదటివాడి దృష్టిలో వాడుకునేవారికి సరళంగా ఉండడం ముఖ్యం. రెండోవాడి దృష్టిలో తయారుచేయడానికి సరళంగా ఉండడం ముఖ్యం. సరళంగా తయారైనది త్వరగా, ఎక్కువ యంత్రాల మీదికి పాకుతుందనీ, మెరుగుదల తరువాత వస్తుందనీ, యూనిక్స్ గెలవడానికి అదే కారణమనీ గేబ్రియల్ వాదించారు. ఇంత పెద్ద వాదానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ మనం మాట్లాడుకుంటున్న ఈ చిన్న చిక్కే.

పాత దారి మళ్లీ తిరిగొచ్చింది

యూనిక్స్ గెలిచింది గానీ ఆ తీరు మీద ఫిర్యాదులు ఆగలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ 1983లో విడుదల చేసిన 4.2బీఎస్‌డీలో కొన్ని కాల్‌లు అంతరాయం తరువాత వాటంతటవే మళ్లీ మొదలయ్యేలా మార్చారు. అయితే కొందరికి కాల్ తెగడమే కావాలి. ఉదాహరణకు, నియంత్రణ-సీ నొక్కితే చదవడం ఆపి బయటికి రావాలనుకునే ప్రోగ్రాం ఉంటుంది. అందుకే ఆ తరువాత ఎంచుకునే వీలు కల్పించారు. ఇప్పుడు హ్యాండ్లర్ పెట్టేటప్పుడే 'ఎస్ఏ రీస్టార్ట్' అనే గుర్తు జతచేస్తే కెర్నెల్ కాల్‌ను తానే మళ్లీ మొదలుపెడుతుంది. గుర్తు లేకపోతే ఈఐఎన్‌టీఆర్ ఇస్తుంది.

లినక్స్ దీన్ని ఎలా చేస్తుందో చూస్తే ఎంఐటీ వారి పద్ధతి గుర్తుకొస్తుంది. మన ల్యాప్‌టాప్‌లలోని 64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో సిస్టమ్ కాల్ ఆదేశం పొడవు 2 బైట్లు. కాల్‌ను మళ్లీ మొదలుపెట్టాలంటే లినక్స్ ప్రోగ్రామ్ కౌంటర్‌ను 2 బైట్లు వెనక్కి జరుపుతుంది. హ్యాండ్లర్ ముగియగానే ప్రాసెసర్ అదే ఆదేశాన్ని మళ్లీ నడుపుతుంది. యూనిక్స్ వదిలేసిన ఉపాయమే యూనిక్స్ వారసుడిలోకి వచ్చి చేరిందన్నమాట.

కానీ ఇది సంపూర్ణం కాదు. ఎస్ఏ రీస్టార్ట్ పెట్టినా లినక్స్‌లో కొన్ని కాల్‌లు ఎప్పుడూ మళ్లీ మొదలుకావు. అనేక ఫైళ్ల మీద ఒకేసారి కన్నేసి ఉంచే సెలెక్ట్, పోల్ లాంటివి, కాసేపు నిద్రపోయే నానోస్లీప్ లాంటివి ఈ జాబితాలో ఉన్నాయి. రీడ్ కొన్ని బైట్లు అందుకున్నాక అంతరాయం వస్తే పొరపాటు సంకేతమూ రాదు, మళ్లీ మొదలూ కాదు. అందినన్ని బైట్ల సంఖ్య మాత్రమే వస్తుంది. 25కు బదులు 10 అని. సంఖ్య చూసుకోని ప్రోగ్రాం 25 వచ్చాయనుకుని ముందుకు పోతుంది. ఆగిపోయే ప్రోగ్రాం కంటే ఇది ప్రమాదకరం. ఆగిపోతే తెలుస్తుంది. తప్పు సమాచారం నిశ్శబ్దంగా ఫైల్‌లోకి చేరితే తెలియదు.

లిస్ప్‌లో ఎందుకు ఎక్కువగా బయటపడుతుంది?

ఈ సమస్య ఏ భాషలోనైనా ఉంది. లిస్ప్‌లో అది తరచుగా కనిపించడానికి కొన్ని కారణాలున్నాయి.

మొదటిది, లిస్ప్ ప్రోగ్రాంలు దీర్ఘకాలం బతుకుతాయి. ఒక లిస్ప్ వాతావరణాన్ని తెరిచి రోజుల తరబడి మూయకుండా, నడుస్తుండగానే ఫంక్షన్లు మారుస్తూ పనిచేయడం అక్కడి ఆనవాయితీ. మధ్యమధ్యలో బయటి ప్రోగ్రాంలను పిలుస్తుంటారు. ఎస్‌బీసీఎల్ అనే ప్రసిద్ధ కామన్ లిస్ప్ అమలులో ఇందుకు 'రన్-ప్రోగ్రామ్' అనే ఫంక్షన్ ఉంది.

రెండవది, హ్యాండ్లర్‌ను పెట్టేది చాలాసార్లు మీరు కాదు, లిస్ప్ రన్‌టైమే. పిల్లల స్థితిగతులు తెలుసుకోవడానికి అది పెట్టుకున్న ఏర్పాటు, దానితో ఏ సంబంధమూ లేని మీ రీడ్‌ను తెంపవచ్చు. మీరు లిస్ప్ నుంచి సీ భాషలో రాసిన ఒక లైబ్రరీని వాడుతున్నారనుకోండి. సిగ్నల్ హ్యాండ్లర్లు లేని మామూలు ప్రోగ్రాంలను ఊహించుకుని దాన్ని రాసినవారు ఈఐఎన్‌టీఆర్‌ను పరీక్షించి ఉండకపోవచ్చు. లిస్ప్ ఇంట్లోకి రాగానే ఆ లోపం బయటపడుతుంది.

మూడవది, థ్రెడ్లు. ఒక ప్రాసెస్‌లో అనేక థ్రెడ్లు ఉంటే, సిగ్‌చైల్డ్ వాటిలో ఆ సిగ్నల్‌ను అడ్డుకోని ఏదో ఒకదానికి చేరుతుంది. పిల్లను పుట్టించినది ఒక థ్రెడ్, దెబ్బ తిన్నది డేటాబేస్ చదువుతున్న ఇంకో థ్రెడ్. కారణానికీ ఫలితానికీ పైకి సంబంధం కనిపించదు.

నాలుగవది, గార్బేజ్ కలెక్షన్. వాడకం అయిపోయిన మెమరీని లిస్ప్ తానే ఏరివేస్తుంది, ఆ క్రమంలో వస్తువులను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తుంది కూడా. కొత్త వస్తువుకు చోటు కేటాయిస్తున్న క్షణంలోనే సిగ్నల్ హ్యాండ్లర్ చొరబడి తానూ చోటు అడిగితే లెక్కలు తారుమారవుతాయి. అందుకే ఎస్‌బీసీఎల్ అలాంటి సున్నితమైన ఘట్టాల్లో వచ్చిన సిగ్నల్‌ను గుర్తుపెట్టుకుని, ఘట్టం దాటాక హ్యాండ్లర్‌ను నడుపుతుంది.

పరీక్షల్లో ఇది ఎందుకు దొరకదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక పిల్ల ముగిసినప్పుడు సరిగ్గా ప్రమాదకరమైన క్షణంలో సిగ్నల్ తగిలే అవకాశం లక్షలో ఒకటి అనుకుందాం. నిమిషానికి ఒక పిల్లను పుట్టించే ప్రోగ్రాంలో రోజుకు 1,440 మంది పిల్లలు. లోపం సగటున 70 రోజులకు ఒకసారి కనిపిస్తుంది. అదే ప్రోగ్రాం రద్దీ పెరిగి సెకనుకు 10 మందిని పుట్టిస్తే రోజుకు 8,64,000. అంటే రోజుకు ఎనిమిది, తొమ్మిది సార్లు. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే, అరుదైన లోపం రోజువారీ బెడద అవుతుంది.

మరి ఏం చేయాలి?

మొదటి సూత్రం: ఈఐఎన్‌టీఆర్ వస్తే దాన్ని వైఫల్యంగా చూడకుండా మళ్లీ అడగాలి. ఎస్‌బీసీఎల్ తన లోపలి అవసరాలకు 'విత్-రీస్టార్టెడ్-సిస్కాల్' అనే మాక్రోను రాసుకుంది. లోపల పెట్టిన సిస్టమ్ కాల్ ఈఐఎన్‌టీఆర్‌తో తిరిగొస్తే దాన్ని మళ్లీ పిలవడమే దాని పని. లిస్ప్‌లో మాక్రోతో భాషకే కొత్త రూపం జోడించవచ్చు కాబట్టి, ప్రతి చోటా లూప్ రాయకుండా ఒక్కసారి రాసి అంతటా వాడుకోవచ్చు. సగమే అందినప్పుడు మిగిలిన సగాన్ని మాత్రమే అడిగే లెక్క కూడా ఆ ఒక్కచోటే పెట్టుకోవచ్చు.

రెండవది: కాలపరిమితి ఉన్న కాల్‌లతో జాగ్రత్త. '5 సెకన్లు చూసి, రాకపోతే వదిలెయ్' అని సెలెక్ట్‌ను పిలిచారనుకోండి. ప్రతి 3 సెకన్లకు ఒక పిల్ల ముగుస్తూ ఉంటే, తెగిన ప్రతిసారీ మళ్లీ 5 సెకన్లతో పిలిస్తే ఆ గడువు ఎప్పటికీ తీరదు. మొదట్లోనే ముగియాల్సిన సమయాన్ని గుర్తుపెట్టుకుని, మళ్లీ పిలిచేటప్పుడు మిగిలిన సమయాన్నే ఇవ్వాలి. అందుకు కూడా వెనక్కి జరిగే అవకాశం ఉన్న గోడగడియారం సమయాన్ని కాక, ఎప్పుడూ ముందుకే నడిచే మోనోటోనిక్ గడియారాన్ని వాడాలి.

మూడవది: అన్నిటినీ కళ్లు మూసుకుని మళ్లీ పిలవకూడదు. ఫైల్‌ను మూసే క్లోజ్ కాల్ ఇందుకు మినహాయింపు. లినక్స్‌లో క్లోజ్ ఈఐఎన్‌టీఆర్ ఇచ్చినా ఫైల్ సంఖ్య అప్పటికే విడుదలై ఉంటుంది. ఈలోగా మరో థ్రెడ్ కొత్త ఫైల్ తెరిస్తే అదే సంఖ్య దానికి దక్కవచ్చు. మీరు మళ్లీ క్లోజ్ చేస్తే మూసేది ఆ కొత్త ఫైల్‌ను.

నాలుగవది: సిగ్నల్‌లను లెక్కపెట్టి పిల్లలను లెక్కించకూడదు. ముగ్గురు పిల్లలు దాదాపు ఒకేసారి ముగిస్తే తల్లికి మూడు సిగ్‌చైల్డ్‌లు రావాలని లేదు. మొదటిది అందేలోపు వచ్చినవన్నీ కలిసిపోయి ఒక్కటిగానే అందవచ్చు. తలుపు గంట ఒక్కసారే మోగినా గుమ్మంలో ముగ్గురు నిలబడి ఉన్నట్టు. కాబట్టి సిగ్నల్ వచ్చిందంటే 'కనీసం ఒకరు ముగిశారు' అని అర్థం చేసుకుని, వెయిట్‌పిడ్ కాల్‌ను ఆగిపోని పద్ధతిలో, ఇక ఎవరూ లేరని చెప్పేదాకా పదేపదే పిలవాలి.

అయితే ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. 'ఎవరైనా సరే, ముగిసిన పిల్లను ఇవ్వు' అని అడిగితే, అదే ప్రాసెస్‌లో ఉన్న వేరే లైబ్రరీ పుట్టించిన పిల్ల ఫలితాన్ని కూడా మనం లాగేసుకుంటాం. ఆ లైబ్రరీ తరువాత తన పిల్ల గురించి అడిగితే 'అలాంటి పిల్లే లేదు' అని జవాబు వస్తుంది. ఎవరు పుట్టించినవారిని వారే, పేరుపెట్టి, అంటే ప్రాసెస్ సంఖ్యతో అడగడం మర్యాద. వెయిట్‌పిడ్ కూడా సిస్టమ్ కాలే అన్నది మరచిపోకూడదు. ఒక పిల్ల కోసం అందులో ఎదురుచూస్తుంటే మరో పిల్ల ముగిసిన కబురు వచ్చి ఆ ఎదురుచూపునే తెంచవచ్చు.

ఐదవది: హ్యాండ్లర్‌లో వీలైనంత తక్కువ పని చేయాలి. హ్యాండ్లర్ లోపల చేసే కాల్‌లు, చివరి పొరపాటు సంకేతాన్ని ఉంచే ఎర్ర్‌నో అనే చోటును మార్చేస్తాయి. తెగిన కోడ్ తిరిగి వచ్చి చూసేసరికి ఈఐఎన్‌టీఆర్ బదులు వేరే సంకేతం కనిపిస్తుంది. కనుక హ్యాండ్లర్ మొదట్లో దాన్ని దాచి, చివర్లో తిరిగి పెట్టాలి.

కబురును వరుసలో పెట్టడం

ఇన్ని జాగ్రత్తల కంటే మూలంలోనే మార్చుకోవడం మేలు. మన ఉదాహరణలో, వరుసలో ఉండగా ఫోన్ మోగకుండా సైలెంట్‌లో పెట్టి, సందేశాలను వీలున్నప్పుడు చూసుకోవడం అన్నమాట.

కానీ 'కబురు వచ్చిందా? రాలేదు. సరే, పడుకుందాం' అనే క్రమంలో ఒక సందు ఉంది. చూడడానికీ పడుకోవడానికీ మధ్య సిగ్నల్ వస్తే, హ్యాండ్లర్ గుర్తు పెట్టి వెళ్లిపోతుంది. ప్రోగ్రాం మాత్రం ఆ గుర్తును మళ్లీ చూడకుండా, ఎప్పటికీ రాని మరో కబురు కోసం నిద్రపోతుంది. ఈ సందును పూడ్చడానికి 1990 ప్రాంతంలో డేనియల్ బెర్న్‌స్టీన్ చెప్పిన ఉపాయం సెల్ఫ్-పైప్. ప్రోగ్రాం తనకు తానే ఒక పైప్ తెరుచుకుంటుంది. హ్యాండ్లర్ అందులో ఒక్క బైట్ రాసి వెళ్తుంది. మిగతా ఫైళ్లతో పాటు ఆ పైప్ మీద కూడా సెలెక్ట్ కన్నేసి ఉంచుతుంది. పైప్‌లో పడిన బైట్ ఎక్కడికీ పోదు కాబట్టి కబురు తప్పిపోదు.

తరువాతి కాలంలో కెర్నెల్‌లే ఇందుకు సాయం అందించాయి. లినక్స్‌లో 2007లో వచ్చిన సిగ్నల్‌ఎఫ్‌డీ, సిగ్నల్‌ను ఫైల్ నుంచి చదివినట్టు చదువుకోనిస్తుంది. 2019లో లినక్స్ 5.3తో వచ్చిన పిడ్‌ఎఫ్‌డీ ఓపెన్, ఒక్కో పిల్లకు ఒక్కో ఫైల్ సంఖ్య ఇస్తుంది. పిల్ల ముగియగానే ఆ ఫైల్ చదవడానికి సిద్ధమైనట్టు కనిపిస్తుంది. ఇక అంతరాయమే ఉండదు. ఉన్నదల్లా వరుసలో వచ్చే మరో సమాచారం. థ్రెడ్లున్న లిస్ప్‌లో ఇంకా సులువైన మార్గం, ఒక్కో పిల్ల కోసం వెయిట్‌పిడ్‌లో కూర్చునే ప్రత్యేక థ్రెడ్‌ను పెట్టి, మిగతా థ్రెడ్లన్నిటిలో సిగ్‌చైల్డ్‌ను అడ్డుకోవడం.

లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి 70 రోజులు ఆగనక్కరలేదు. ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్‌లను చూపే ఎస్‌ట్రేస్ అనే పనిముట్టుతో, 'ప్రతి మూడో రీడ్‌కు ఈఐఎన్‌టీఆర్ ఇవ్వు' అని కావాలనే అంతరాయాలు కల్పించవచ్చు. తట్టుకుందా లేదా అన్నది నిమిషాల్లో తేలిపోతుంది.

భారం ఎవరిది?

గేబ్రియల్ చెప్పిన ఆ తగవు ఇప్పటికీ తీరలేదు, మెల్లగా పైకి జరుగుతోంది. పైథాన్ భాష 2015లో వచ్చిన 3.5 రూపంలో, ఈఐఎన్‌టీఆర్ వస్తే తన లైబ్రరీయే మళ్లీ ప్రయత్నించేలా మార్చుకుంది. అంతకుముందు ప్రతి ప్రోగ్రామరూ విడివిడిగా మోసిన బరువు అది. మరోవైపు గో భాష 2020లో వచ్చిన 1.14 రూపం నుంచి తన పనులను పంచడానికి సిగ్నల్‌లను వాడడం మొదలుపెట్టడంతో, ఆ భాషలో నేరుగా సిస్టమ్ కాల్‌లు చేసే ప్రోగ్రాంలకు ఈఐఎన్‌టీఆర్ మునుపటికంటే ఎక్కువగా కనిపించసాగింది. కామన్ లిస్ప్‌లో పొరపాటు జరిగినచోటే నిలిచి, కారణాన్ని సరిచేసి, అక్కడినుంచే కొనసాగించే సదుపాయం భాషలోనే ఉంది. దాని పేరు కూడా రీస్టార్టే.

కెర్నెల్ రాసేవారు సరళత కోసం వదిలేసిన పని మాయమైపోదు. దాన్ని భాష రాసేవారో, లైబ్రరీ రాసేవారో, చివరికి ప్రోగ్రాం రాసేవారో చేయాలి. ఎవరూ చేయకపోతే ఆ మొత్తం వచ్చి పడేది ఫలితం కోసం ఎదురుచూస్తున్న మామూలు మనిషి మీద. అందుకే మీరు రాసే ప్రోగ్రాంలో పిల్ల ప్రాసెస్‌ను పుట్టించే వాక్యం ఒక్కటి ఉన్నా సరే, సిస్టమ్ కాల్ చేసే ప్రతిచోటా ఒక ప్రశ్న వేసుకోండి: 'ఇది సగంలో తెగితే, మిగతా సగం ఎవరు పూర్తిచేస్తారు?' దానికి కోడ్‌లో జవాబు కనిపిస్తే సరి. కనిపించకపోతే, ఆ రాయాల్సింది మీరే.